మనసు కుదురుకి, నరాల బలానికి ఏం తినాలి, ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలి: గోదావరి జిల్లాల వాళ్ళకో మార్గదర్శి

మన గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్ళో మందుల షాపు దగ్గర కాసేపు నిలబడినా ఈ మాట వినపడుతుంది: "నరాల బలానికి ఏవైనా బిళ్ళలు ఇవ్వండి." అడిగేవాళ్ళలో అరికాళ్ళు తిమ్మిర్లెక్కే షుగరు పేషెంట్లు ఉంటారు. రాత్రి రెండింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్రపట్టని ఆడవాళ్ళు ఉంటారు. చెరువులో రొయ్య పోయి గుండెదడతో తిరుగుతున్న రైతు ఉంటాడు. పరీక్షల టెన్షన్‌తో అన్నం మానేసిన పిల్లాడి కోసం వచ్చిన తల్లి ఉంటుంది. చాలాసార్లు అందరి చేతికీ ఇంచుమించు ఒకే రకం స్ట్రిప్పు వస్తుంది.

ఈ నలుగురి బాధా ఒకటి కాదు, లోపించినది కూడా ఒకటి కాదు. లోటు ఏమిటో తెలుసుకోవడం ముందు, కంచంలో మార్పు తర్వాత, బిళ్ళ ఆ తర్వాత. అది కూడా ఆ లోటుకి సరిపడేదే. ఈ వరుస తప్పితే డబ్బు పోవడం చిన్న నష్టం, అసలు జబ్బు లోపల ముదరడం పెద్ద నష్టం. డెల్టాలో పండేది, దొరికేది, మన వంటింట్లో అలవాటైనదే తీసుకుని అడుగడుగునా ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: ఇది తిండితో తేలే సంగతేనా?

మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి కాలు ఉన్నట్టుండి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. కాళ్ళలో మొదలైన నీరసం గంటల్లోనో రోజుల్లోనో పైకి పాకుతున్నా, మలమూత్రాల మీద పట్టు తప్పినా ఆసుపత్రికే వెళ్ళాలి.

మనసు విషయంలో కూడా గీత ఒకటి గీసుకోవాలి. రెండు వారాలకు పైగా ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తిండీ నిద్రా తారుమారు కావడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. డాక్టరుకి చూపించాలి. "చచ్చిపోతే బాగుండు" అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంట్లో ఎవరికైనా చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పటికే మనసుకి మందు వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఆ మందు మానొద్దు. తిండి మందుకి తోడు, మందుకి బదులు కాదు. ఆస్ట్రేలియాలో డిప్రెషన్ ఉన్న 67 మంది మీద 12 వారాల పాటు చేసిన పరిశోధన ఒకటి 2017లో వెలువడింది. తిండి మార్చుకోవడంలో సాయం అందుకున్నవాళ్ళలో సుమారు మూడో వంతు మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. ఊరికే కబుర్లు చెప్పే తోడు దొరికినవాళ్ళలో అలా బయటపడింది నూటికి ఎనిమిది మంది. చిన్న పరిశోధనే, కానీ ఆశ పెట్టుకోదగ్గది. వాళ్ళలో చాలామంది మందులు కూడా వాడుతూనే ఉన్నారన్నది మాత్రం మరిచిపోకండి.

రెండో అడుగు: బిళ్ళ కంటే ముందు రక్తపరీక్ష

తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం, దిగులు ఉన్నప్పుడు డాక్టరుని అడిగి చేయించుకోదగ్గ పరీక్షలు కొన్నే. పూర్తి రక్తపరీక్ష, విటమిన్ బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), థైరాయిడ్, మూడు నెలల షుగరు, విటమిన్ డి. థైరాయిడ్ తగ్గితే మనిషి మందగించి దిగులుగా ఉంటాడు, పెరిగితే గుండెదడ, చేతుల వణుకు. రెంటినీ "నరాల వీక్‌నెస్" అనే అంటారు మన ఊళ్ళలో. థైరాయిడ్‌కి నరాల బిళ్ళ వేసుకుంటే ఏం లాభం?

బి12 బిళ్ళ వేసుకున్నాక పరీక్ష చేయిస్తే రిపోర్టులో అంకె బాగానే కనిపిస్తుంది, అసలు సంగతి దాక్కుంటుంది. అందుకే రక్తం ముందు ఇవ్వాలి. బి12 మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే లోపం ఉన్నట్టే. 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానం. లక్షణాలు కూడా ఉంటే డాక్టరు హోమోసిస్టీన్ (బి12 తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష రాయవచ్చు.

మూడో అడుగు: బియ్యం సంగతి తేల్చుకోవడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన డెల్టా మనిషి తిండిలో సింహభాగం అన్నం. నరాలకి మొదట కావలసిన విటమిన్ బి1, అంటే థయామిన్, ఆ బియ్యం గింజ పైపొరలోనే ఉంటుంది.

రైస్ మిల్లుకి వెళ్ళి చూడండి. ఒక పక్క మల్లెపువ్వులాంటి బియ్యం పడుతుంటుంది, ఇంకో పక్క లేత గోధుమరంగు తవుడు గోతాల్లో నిండుతుంటుంది. ముట్టుకుంటే మెత్తగా, కాస్త జిడ్డుగా, కమ్మటి వాసనతో ఉంటుంది. ఆ తవుడు నూనె మిల్లుకి పోతుంది, నూనె తీయగా మిగిలిన తవుడు ఆకివీడు, భీమవరం చుట్టూ ఉన్న చేపల చెరువులకి మేతగా పోతుంది. గింజలో ఉన్న బి1 చాలా మటుకు ఆ గోతంలోనే ఉంది. దంపుడు బియ్యం వంద గ్రాముల్లో సుమారు 0.4 మిల్లీగ్రాములుండే బి1, బాగా పాలిష్ పట్టిన బియ్యంలో అందులో ఐదారో వంతుకి పడిపోతుంది. మూడు నాలుగు సార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే ఆ మిగిలిందీ పోతుంది.

ఇది మన ప్రాంతం ఒకప్పుడు కళ్ళారా చూసిన జబ్బు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో బి1 లోపించి వచ్చే బెరిబెరి ప్రధానంగా ఉత్తర సర్కారు జిల్లాల్లోనే, అంటే మన కోస్తాలోనే ఉండేది. కారణం, ఇక్కడివాళ్ళు పచ్చి బియ్యాన్ని మరలో తెల్లగా పట్టించి తినేవాళ్ళు. ఉప్పుడు బియ్యం తినే చోట ఆ జబ్బు అరుదు. అప్పట్లో కూనూరులో ఉన్న పోషకాహార ప్రయోగశాల దీన్ని పరిశోధించింది. అదే తర్వాత హైదరాబాదుకి వచ్చి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. బెరిబెరిలో ఒక రకం నేరుగా కాళ్ళ నరాల్ని తింటుంది: అరికాళ్ళు మొద్దుబారతాయి, పిక్కలు పీకుతాయి, గొంతుక్కూర్చుంటే లేవలేరు. ఇంకో రకం ఒళ్ళంతా నీరు పట్టించి గుండె మీద పడుతుంది.

ఇప్పుడు పప్పు, గుడ్డు, మాంసం అప్పటికంటే ఎక్కువ తింటున్నాం కాబట్టి బెరిబెరి ఆ స్థాయిలో లేదు. ఒక మోస్తరు లోటుకి మాత్రం అవకాశం ఉంది, ముఖ్యంగా రోజూ మద్యం తాగేవాళ్ళలో. మద్యం బి1ని ఒంటికి పట్టనివ్వదు. తాగేవాళ్ళు అన్నం సరిగా తినరు, తిన్నా ఊరగాయతో నాలుగు ముద్దలే. అలాంటి మనిషి నీరసంగా పడి ఉంటే "బలానికి" గ్లూకోజు సెలైన్ ఎక్కించడం మన ఊళ్ళలో మామూలైపోయింది. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: బి1 అడుగంటిన మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. తాగుడు అలవాటు సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పాలి. మామూలు మనిషికైనా సెలైన్ సీసాలో ఉండేది నీళ్ళు, ఉప్పు, గ్లూకోజు. అందులో బలం లేదు.

మరి చేయాల్సింది ఏమిటి?

అన్నిటికంటే తేలిక, ఉప్పుడు బియ్యం. వడ్లని నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తర్వాత మర పట్టినా అంతగా పోదు. మన డెల్టాలో బొండాల రకం వడ్లు పండించి, ఉప్పుడు బియ్యం చేసి కేరళకి పంపుతున్నాం. మనం మాత్రం "ఆ వాసన పడదండి" అని ఇంట్లోకి రానివ్వం. మొదట్లో ఇడ్లీ రవ్వగానో, మూడోవంతు కలిపి అన్నంగానో వండుకుంటే అలవాటవుతుంది.

ఇంకో దారి, సొంత వడ్లున్నవాళ్ళు తక్కువ పాలిష్ పట్టించడం. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకమైనా సరే, ఒక్క పట్టు పట్టిస్తే అన్నం కాస్త ఎర్రగా ఉన్నా తినబుద్ధి వేస్తుంది. ఇలాంటి బియ్యం త్వరగా పురుగు పడుతుంది, వాసన కూడా వస్తుంది. నెలకు సరిపడా మాత్రమే పట్టించుకోండి. ఒకటి రెండు సార్లే కడిగి, నీళ్ళు ఇగిరిపోయేట్టు అత్తెసరు పెట్టండి. గంజి వార్చే అలవాటుంటే ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి తాగేయండి.

అన్నం పాళ్ళు కూడా ఒకసారి చూసుకోవాలి. పళ్ళెం నిండా అన్నం, అంచున కూర అన్న లెక్కని తిరగేసి, ముందు పప్పో కూరో చేపో కొంత తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే భోజనం అయ్యాక షుగరు అంతగా ఎగరదు. మధ్యాహ్నం మూడింటికి వచ్చే చిరాకు, మత్తు చాలామందిలో దీనితోనే తగ్గుతాయి.

నాలుగో అడుగు: బి12

నరాల పైన ఉండే రక్షణ పొర నిలబడాలంటే బి12 కావాలి. లోపిస్తే పాదాల్లో సూదులు గుచ్చినట్టు, చీకట్లో నడిస్తే తూలినట్టు ఉంటుంది. మతిమరుపు, చిరాకు, కారణంలేని దిగులు వస్తాయి. నాలుక నున్నగా, ఎర్రగా అవుతుంది. ముసలివాళ్ళలో దీన్ని వయసు మీద నెట్టేస్తారు. ఏళ్ళ తరబడి వదిలేస్తే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాదు. అందుకే దీని మీద నాకంత పట్టుదల.

మొక్కల నుంచి వచ్చే తిండిలో బి12 ఉండదు. చద్దన్నంలో ఉందని, స్పిరులినాలో ఉందని చెప్పేవాళ్ళ మాట నమ్మి కూర్చోవద్దు. పెద్దవాళ్ళకి రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఒక గుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము, గ్లాసు పాలలో సుమారు ఒకటి. కవళ్ళ చేపలు వంద గ్రాములు తింటే మూడు రోజుల లెక్క ఒక్క పూటలో తీరిపోతుంది. శాకాహారులు రోజూ రెండు గ్లాసుల పాలు, ఒక గిన్నె గట్టి పెరుగు తీసుకుంటే తిండి వరకు సరిపోతుంది. నీళ్ళ మజ్జిగ లెక్కలోకి రాదు. కార్తీక మాసం నెల్లాళ్ళు నీచు మానేస్తే ఏమవుతుందో అని భయపడేవాళ్ళున్నారు. ఏమీ కాదు, ఆరోగ్యంగా ఉన్న మనిషి కాలేయంలో బి12 ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది.

తిన్నా ఒంటికి పట్టనివాళ్ళు ఉంటారు, వాళ్ళకే ప్రమాదం. షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు, గ్యాస్ బిళ్ళలు (పాంటాప్రజోల్, ఒమెప్రజోల్) రోజూ పరగడుపున వేసుకునేవాళ్ళు, అరవై దాటినవాళ్ళు. షుగరు ఉన్న మనిషికి కాళ్ళు తిమ్మిరెక్కితే షుగరు వల్లే అనుకుంటాం. అందులో బి12 వాటా ఎంతో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మెట్‌ఫార్మిన్ మానాల్సిన పని లేదు, ఏడాదికోసారి బి12 చూపించుకుంటే చాలు.

లోపం తేలితే సాధారణంగా రోజుకు 1000 మైక్రోగ్రాముల బిళ్ళ ఇస్తారు. కావలసింది రెండే అయినప్పుడు అంత ఎందుకంటే, పేగు సరిగా పీల్చుకోని మనిషిలో కూడా అందులో నూటికి ఒక వంతు దానంతటదే లోపలికి వెళుతుంది. నరాల లక్షణాలు ఎక్కువగా ఉంటే ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. మిథైల్‌కోబాలమిన్, సయనోకోబాలమిన్ రెండూ పనిచేస్తాయి, ఖరీదైనదే కొనాలని లేదు.

ఐదో అడుగు: ఆకుకూర, ఐరన్

ఆకుకూరల్లో దొరికే ఫోలిక్ ఆమ్లం (ఫోలేటు) అనే విటమిన్ గురించి మాట్లాడుతూ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకపోతే మనకి బాగుండదు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే 1940ల్లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి చూపించింది. ఈ విటమిన్ లోపిస్తే రక్తం తగ్గుతుంది, మనసూ కుంగుతుంది. ఇది తోటకూర, బచ్చలి, గోంగూర, పెసలు, మినుముల్లో బాగా ఉంటుంది. ఆకుకూరని ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోయకండి. పొద్దున పూట పెసరట్టు తినేవాళ్ళకి ఫోలేటు, మాంసకృత్తులు రెండూ దొరుకుతాయి. మైదా పూరీకి, పెసరట్టుకి పోలికే లేదు.

బి12 లోపం ఉన్న మనిషి ఒక్క ఫోలిక్ ఆమ్లం బిళ్ళలే వేసుకుంటే రక్తహీనత బాగైనట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. బి12 సంగతి తేలకుండా ఫోలిక్ ఆమ్లం పెద్ద మోతాదులో వద్దు. గర్భిణులకి డాక్టరు రాసింది వేరే విషయం, అది మానకూడదు.

ఐరన్ ఆడవాళ్ళకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. లోపిస్తే ఆయాసం, చిరాకు, రాత్రిపూట కాళ్ళు కదపకుండా ఉండలేకపోవడం. ఆకుకూరల్లో ఉన్న ఐరన్ తేలిగ్గా ఒంటికి పట్టదు, నిమ్మకాయ పిండితే పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగితే మళ్ళీ పోతుంది. గంట ఆగండి. మగవాళ్ళు, ముసలివాళ్ళు పరీక్ష లేకుండా ఐరన్ బిళ్ళలు వేసుకోవద్దు. ఆ వయసులో ఐరన్ తగ్గిందంటే లోపల ఎక్కడో రక్తం పోతుందేమో ముందు చూడాలి.

ఆరో అడుగు: తెలగపిండి, మునగాకు

నరాలు సరిగా పనిచేయడానికి, కండరం బిగుసుకున్నాక మళ్ళీ సడలడానికి మెగ్నీషియం పనికొస్తుంది. మగవాళ్ళకి రోజుకు 440, ఆడవాళ్ళకి 370 మిల్లీగ్రాములు కావాలి. నువ్వులు వంద గ్రాముల్లో సుమారు 350 ఉంటుంది. మనకి నువ్వులతో ఉన్నంత చుట్టరికం చాలా ప్రాంతాల వాళ్ళకి లేదు. వ్యక్తురాలైన ఆడపిల్లకి చిమ్మిలి పెట్టినా, బాలింతకి తెలగపిండి కూర వండినా పెద్దవాళ్ళు తెలిసే చేశారు.

తెలగపిండి అంటే నువ్వుల నూనె తీశాక మిగిలే పిండి. గానుగలో ఆడిన నువ్వులదే కొనండి. పశువుల దాణాకి అమ్మేది వంటకి పనికిరాదు. ఒక గ్లాసు పొడికి రెండు గ్లాసుల నీళ్ళు ఉప్పేసి మరిగించి, కడిగిన మునగాకు రెండు గుప్పెళ్ళు వేయండి. ఆకు మెత్తబడ్డాక పొడి చల్లి, కలుపుతూ సన్న మంట మీద మగ్గనివ్వండి. నీరంతా పీల్చుకుని పొడిపొడిగా విడిపోవాలి. ముద్దలా ఉంటే ఇంకా అవలేదని. ఎండుమిర్చి, ఆవాలు, మినప్పప్పు, చితక్కొట్టిన వెల్లుల్లి దండిగా వేసి తాలింపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండుకోండి. మాంసకృత్తులు, కాల్షియం, మెగ్నీషియం, ఐరన్ అన్నీ ఒక్క కూరలో ఉన్నాయి. ఆషాఢంలోనే మునగాకు తినాలని లేదు, వారానికి రెండుసార్లు వండుకోవచ్చు.

మెగ్నీషియం బిళ్ళ అందరికీ అక్కర్లేదు. ఆక్సైడ్ రకం విరేచనాలు చేయిస్తుంది, గ్లైసినేట్ రకం కడుపుకి తేలిక. కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా ఏ రకమూ ముట్టుకోకూడదు.

ఏడో అడుగు: చేప ఎంచుకోవడం

మెదడులో కొవ్వు వాటా ఎక్కువ, అందులో ఒమెగా-3 అనే రకం కొవ్వు ముఖ్యం. అది చేపల్లో ఉంటుంది, కానీ అన్ని చేపల్లో ఒకేలా ఉండదు. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి మంచి మాంసకృత్తులిస్తాయి, ఒమెగా-3 మాత్రం తక్కువ. అది బాగా ఉండేది నూనె ఊరే చేపల్లో: కవళ్ళు, కానాగంతలు, పులస. వరద రోజుల్లో గోదావరికి ఎదురెక్కే పులస వేలల్లో పలుకుతుంది కాబట్టి దాని మాట పక్కన పెడదాం. అంతర్వేది, ఉప్పాడ తీరాన పడవలు దింపే కవళ్ళు పేదవాడికి అందే ధరలో ఉంటాయి. ముళ్ళు ఎక్కువని, నీచు వాసనని చాలా ఇళ్ళలో చిన్నచూపు. చింతపండు పులుసు పెట్టి, మర్నాడు తింటే ఆ మాట అనరు. వారానికి రెండుసార్లు చాలు. నూనెలో కరకరలాడేలా వేపితే ఆ మంచి కొవ్వు కొంత పోతుంది, పులుసే మేలు. ఎండు చేపలు బీపీ ఉన్నవాళ్ళు తగ్గించుకోవాలి, ఉప్పు ఎక్కువ.

శాకాహారులకి అవిసె గింజలున్నాయి. వేయించి, పొడి కొట్టి, కారం కలిపి రోజూ ఒక చెంచా అన్నంలో కలుపుకోండి. అలాగే గింజ మింగితే అరగదు. అవిసెలో ఉన్న రకం ఒంట్లో చేపనూనె రకంగా మారేది కొద్దిగానే. అవసరమైతే నాచు నుంచి తీసిన ఒమెగా-3 బిళ్ళలు ఉన్నాయి.

చేపనూనె గుళిక కొనేముందు ఒక లెక్క చేయండి. డబ్బా మీద 1000 మిల్లీగ్రాములని ఉంటుంది, అది నూనె బరువు. వెనక చూస్తే అసలు ఒమెగా-3 కొవ్వులైన ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. చాలా రకాల్లో 180, 120 మిల్లీగ్రాములు మాత్రమే. డిప్రెషన్ మీద పనిచేసినట్టు కనిపించిన పరిశోధనల్లో ఇ.పి.ఎ. రోజుకు 1 నుంచి 2 గ్రాములు ఇచ్చారు. అంటే ఈ గుళికలు కనీసం ఆరు మింగాలి. ఒక్కటి వేసుకుని మనసు బాగుపడుతుందని చూడటం దండగ. ఏ బాధా లేనివాళ్ళకి ముందుజాగ్రత్తగా ఇస్తే డిప్రెషన్ రాకుండా ఆగిందా అంటే, అమెరికాలో వేలమంది మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలో ఆగలేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గుండె లయ తప్పేవాళ్ళు డాక్టరుని అడగకుండా పెద్ద మోతాదు వాడకూడదు.

విటమిన్ డి గురించి రెండు ముక్కలు. ఆ అమెరికా పరిశోధనలోనే రోజుకు 2000 యూనిట్లు ఐదేళ్ళ పైన ఇచ్చి చూశారు, డిప్రెషన్ ఆగలేదు. పరీక్షలో లోపం తేలితే మాత్రం సరిచేసుకోవాలి, ఎముకకీ కండరానికీ అవసరం. 60,000 యూనిట్ల గుళిక వారానికి ఒకటి. పొరపాటున రోజుకొకటి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

ఎనిమిదో అడుగు: మూలికలు

"మూలికే కదా, ఏం చేస్తుందిలే" అనే మాట నిజం కాదు. అశ్వగంధ టెన్షన్ తగ్గించడంలో, నిద్రలో కొంత పనిచేస్తుందని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. వాటిలో సాధారణంగా వేరు సారం 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎనిమిది వారాలు ఇచ్చారు. కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. గర్భిణులు, థైరాయిడ్ మందు వాడేవాళ్ళు, కాలేయం జబ్బున్నవాళ్ళు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళు దీని జోలికి పోవద్దు. వాడుతుంటే కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మన కాలవ గట్ల తేమలో గుండ్రటి ఆకులతో పాకే సరస్వతి ఆకు వేరు, దళసరి చిన్న ఆకులతో ఉండే నీటిబ్రాహ్మి వేరు. జ్ఞాపకశక్తి మీద ఎక్కువ పరిశోధన జరిగింది నీటిబ్రాహ్మి మీద, ఫలితం కనిపించడానికి మూడు నెలలు పట్టింది. సరస్వతి ఆకు పచ్చడి రుచికి తినొచ్చు, కానీ వరిచేను గట్టు మీద కోసింది వద్దు. కలుపుమందు ముందు తగిలేది ఆ గట్టుకే. పెరట్లో కుండీలో వేసుకోండి.

ఆన్‌లైన్‌లో దొరికే సెయింట్ జాన్స్ వర్ట్, 5-హెచ్‌టీపీ అన్నవి డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రమాదం. జ్వరం, వణుకు, గందరగోళం వచ్చి ఆసుపత్రి పాలవుతారు. అరటిపండులో సెరటోనిన్ (మెదడులో మనసు తీరుతో ముడిపడిన రసాయనం) ఉంది, తింటే సంతోషం వస్తుందన్న మాట కూడా తిరుగుతుంటుంది. ఆ సెరటోనిన్ మెదడులోకి వెళ్ళలేదు. రావులపాలెం అరటిపండు బి6 కోసం, పొటాషియం కోసం తినండి, అది చాలు.

తొమ్మిదో అడుగు: స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవడం

"నరాల బిళ్ళ" కొంటే అక్కడే షాపులో నిలబడి వెనక రాసింది చదవండి, లేదా చదివే పిల్లల చేత చదివించుకోండి. మిథైల్‌కోబాలమిన్ అని ఒక్కటే ఉంటే అది బి12. పక్కన ప్రీగాబాలిన్ 75 అనో, నార్ట్రిప్టిలిన్ 10 అనో ఉంటే అది విటమిన్ కాదు, నరాల నొప్పికి డాక్టరు రాయాల్సిన మందు. మత్తుగా ఉంటుంది, బండి నడిపేటప్పుడు ప్రమాదం, ముసలివాళ్ళు రాత్రి లేచి తూలి పడతారు. నెలల తరబడి వాడి ఒక్కసారి మానేస్తే చెమటలు, ఆందోళన, నిద్రలేమి. పక్కింటి అత్తయ్యకి పనిచేసిందని అదే స్ట్రిప్పు తెచ్చుకోవద్దు.

ఇంకొకటి బి6, అంటే పిరిడాక్సిన్. తక్కువైనా నరాలకి చెరుపే, ఎక్కువైనా చెరుపే. 50, 100 మిల్లీగ్రాముల చొప్పున నెలల తరబడి వేసుకుంటే ఏ తిమ్మిరి తగ్గాలని వేసుకున్నామో అదే తిమ్మిరి వస్తుంది. ఒక నరాల బిళ్ళ, ఒక బీకాంప్లెక్స్, ఒక మల్టీవిటమిన్ కలిపి వాడేవాళ్ళు మూడింటిలో ఉన్న బి6 కూడి చూసుకోండి.

డబ్బాల్లో అమ్మే సప్లిమెంట్ల మీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. మందుగా వాడకూడదని దాని మీదే రాసి ఉంటుంది. నోటితో "నరాల జబ్బు నయమవుతుంది" అని చెప్పి అమ్మే మనిషికి ఆ అక్షరాలు చూపించండి.

పదో అడుగు: మొదలుపెట్టే తీరు

అన్నీ ఒకేసారి మార్చకండి. మొదటి వారం బియ్యం, టీ వేళలు. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ వద్దు. తాగిన ఐదారు గంటలకి కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది, నిద్ర చెడుతుంది, గుండెదడ పెరుగుతుంది. రెండో వారం నుంచి తెలగపిండి, ఆకుకూర, చేప లేదా అవిసె. ఈలోగా రిపోర్టులు వస్తాయి. వాటిలో లోపం ఉన్నదానికే బిళ్ళ మొదలుపెట్టండి. రెండు లోపాలుంటే డాక్టరు ఒకేసారి రాయవచ్చు, వాడండి. మీ అంతట మీరు వేసుకునేవైతే ఒకదాని తర్వాత ఒకటి, మధ్య కనీసం నాలుగు వారాలు. అప్పుడే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలుస్తుంది.

ఇంట్లో ఉన్న క్యాలెండరు గడిలోనే రోజూ మూడు అంకెలు వేసుకోండి: నిద్ర ఎన్ని గంటలు, దిగులు పదికి ఎంత, తిమ్మిరి పదికి ఎంత. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం చింపి పట్టుకెళ్ళండి. "ఎలా ఉందండి" అంటే "అలాగే ఉందండి" అనడం కంటే అది ఆయనకి ఎంతో పనికొస్తుంది. వాడుతున్న ప్రతి మందు, కషాయం, పొడి కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి.

బి12 మొదలుపెట్టాక నీరసం వారాల్లో తగ్గుతుంది, తిమ్మిర్లకి నెలలు పడుతుంది. మొదట్లో తిమ్మిరి కాస్త పెరిగినట్టు కొందరికి అనిపిస్తుంది, భయపడి మానొద్దు. పన్నెండు వారాలకి మళ్ళీ రక్తం ఇవ్వండి. అంకె పెరిగి కూడా కాళ్ళ తిమ్మిరి కదలకపోతే కారణం వేరే ఉంది, నరాల డాక్టరుకి చూపించుకోవాలి. తిండి మారి, అంకెలన్నీ సరిగ్గా ఉండి, దిగులు మాత్రం పదికి ఏడు దగ్గరే ఆగిపోతే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళండి, ఇంకో డబ్బా కొనకండి.